పిల్లల ఉద్యోగం పోయినప్పుడు తల్లిదండ్రులు చేయవలసినవి, చేయకూడనివి

మా అబ్బాయికి ఉద్యోగం పోయిన సంగతి నాకు అబ్బాయి చెప్పగా తెలియలేదు, విజయవాడలో ఒక కంటి ఆసుపత్రి బిల్లు కౌంటరు దగ్గర తెలిసింది. శుక్లాల ఆపరేషన్‌కు తేదీ ఖాయం చేసుకుని, అబ్బాయి కంపెనీ ఇచ్చిన బీమా కార్డు కౌంటరులో ఇచ్చాను. అక్కడున్న అమ్మాయి నంబరు కొట్టి, సరిచూసుకుని మళ్లీ కొట్టి, "అంకుల్, ఈ పాలసీలో మీ పేర్లు పోయిన నెలలోనే తీసేశారండీ" అంది. బయటికి వచ్చి ఫోన్ చేస్తే వాడు కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "నాన్నా, ఐదు వారాలైంది. మీరు తట్టుకోలేరని చెప్పలేదు" అన్నాడు.

ఆపరేషన్ నలభై రెండు వేలు చేత్తో కట్టి చేయించుకున్నాను. ఆ డబ్బు గురించి నాకు బాధ లేదు. ముప్పై నాలుగేళ్ల కొడుకు తన కష్టంతో పాటు మా భయాన్ని కూడా తానే మోస్తూ ఐదు వారాలు నటించవలసి వచ్చిందే, ఆ సంగతి నన్ను చాలాకాలం వదలలేదు. పిల్లల ఉద్యోగం పోయినప్పుడు వారికి ఇంకో ఉద్యోగం వెతికి పెట్టడం మన చేతిలో ఉండదు. మన ఆందోళనను వారి నెత్తిన పెట్టకుండా ఉండటం మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది. ఈ వ్యాసంలో చెప్పబోయేవన్నీ, కాగితాల సంగతి అయినా డబ్బు సంగతి అయినా, ఆ ఒక్క పనిని ఎలా చేయాలన్నదే. ఇందులో సగం నేను తప్పుగా చేసి నేర్చుకున్నవి.

మొదటి మాట

నేను ముప్పై మూడేళ్లు బ్యాంకులో పనిచేశాను. అన్నేళ్లలో మా శాఖల్లో ఉద్యోగం పోగొట్టుకున్నవారిని ఇద్దరినే చూశాను, ఇద్దరిదీ నగదు తేడా వ్యవహారమే. ప్రభుత్వ ఆఫీసుల్లోనో, బడుల్లోనో, ఆర్టీసీలోనో, బ్యాంకుల్లోనో జీవితం గడిపిన మా తరానికి "ఉద్యోగం తీసేశారు" అంటే చార్జిషీటు, విచారణ, డిస్మిస్ అనే వరుసలోనే అర్థమవుతుంది. అందుకే నా నోటి నుంచి వచ్చిన మొదటి ప్రశ్న, "ఏం తప్పు జరిగిందిరా?" అని. ఆ ప్రశ్న వాడిని ఎంత నొప్పించిందో వాడు నాకు చెప్పింది ఆరు నెలల తరువాత.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో లేఆఫ్ అనేది ఆ వరుసలోది కాదు. విదేశీ క్లయింటు ప్రాజెక్టు ఆపేస్తే, ఆ ప్రాజెక్టులో పనిచేసే బృందమంతా ఒక్కసారిగా బెంచ్ మీదికి, అంటే చేతిలో ప్రాజెక్టు లేని స్థితికి వస్తుంది. నిర్ణీత గడువులోగా ఇంకో ప్రాజెక్టు దొరకనివారిని పంపించేస్తారు. కొన్నిచోట్ల ఒక విభాగాన్నే ఎత్తేస్తారు, కొన్నిచోట్ల జీతం ఎక్కువున్న మధ్యస్థాయి మేనేజర్లను తగ్గిస్తారు. పోయిన ఏడాది మంచి రేటింగ్ వచ్చినవారు కూడా ఆ జాబితాలో ఉంటారు. 2022 చివరి నుంచి అమెరికాలోని పెద్ద టెక్ కంపెనీలు వేల సంఖ్యలో ఉద్యోగులను తీసేసినప్పుడు, వారిలో మన జిల్లాల నుంచి వెళ్లిన పిల్లలు కూడా ఎందరో ఉన్నారు. ఈ సంగతి తల్లిదండ్రులు ముందుగా తమకు తాము నచ్చజెప్పుకుంటే, తరువాతి మాటలు వాటంతట అవే సరైన తీరులో వస్తాయి.

ఫోన్ వచ్చినప్పుడు చేయవలసింది తక్కువే. పూర్తిగా వినండి, "ఇప్పుడు ఎక్కడున్నావు, భోంచేశావా" అని అడగండి, "చెప్పి మంచిపని చేశావు" అని అనండి. నిన్నే ఎందుకు తీశారు, పక్కింటివారి అబ్బాయిని ఎందుకు తీయలేదు, ఆ ఫ్లాటు అప్పుడే వద్దన్నాను కదా వంటి మాటలు ఆ రోజుకే కాదు, ఏ రోజుకూ పనికిరావు. ఏడుపు వస్తే ఫోన్ పెట్టేశాక ఏడవవచ్చు. మా ఆవిడ అదే చేసింది, వంటింట్లో కుళాయి తిప్పుకుని మరీ. భార్యాభర్తలిద్దరూ ముందు తమలో తాము మాట్లాడుకుని, అబ్బాయితో ఎవరు ఏ విషయం మాట్లాడాలో పంచుకుంటే ఇంకా మంచిది. లేకపోతే ఒకే ప్రశ్న రోజుకు రెండుసార్లు రెండు గొంతులతో వెళుతుంది.

మొదటి వారం కాగితాలు

ఉద్యోగం పోయిన మనిషికి మొదటి వారంలో బుర్ర పనిచేయదు, కాని జాగ్రత్తగా చూసుకోవలసిన కాగితాలు ఎక్కువగా ఉండేది ఆ వారంలోనే. పెద్దవారిగా మనం ఉపయోగపడగల చోటు ఇది. పెత్తనం చేయకుండా, "ఒక జాబితా రాసుకుందామా, నేను రాస్తాను, నువ్వు చెప్పు" అని కూర్చుంటే చాలు.

చాలా కంపెనీలు ఉద్యోగిని తొలగించినట్లు రాయకుండా, తనంతట తానే రాజీనామా చేసినట్లు మెయిల్ పెట్టమంటాయి. దానివల్ల తరువాతి ఇంటర్వ్యూల్లో చెప్పుకోవడానికి తేలిక అని హెచ్ఆర్ వారు అంటారు, అది కొంతవరకు నిజం కూడా. అయితే రాజీనామా చేస్తే నోటీస్ పీరియడ్ జీతం, తొలగింపు పరిహారం ఇస్తారా ఇవ్వరా అన్నది కాగితం మీద ఉండాలి. మీటింగ్ గదిలో కూర్చోబెట్టి ఇప్పుడే సంతకం చేయమంటే, "చదివి రేపు చెబుతాను" అనే హక్కు ఉద్యోగికి ఉంటుందని మన పిల్లలకు గుర్తుచేయాలి. ఆఫర్ లెటర్‌లో నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులని రాసి ఉందో, జాయినింగ్ బోనస్ తిరిగి కట్టాలనే షరతు ఏమైనా ఉందో ఆ రాత్రి తీసి చూసుకోవాలి. మొత్తం పెద్దదైతే కార్మిక చట్టాలు తెలిసిన వకీలుకు ఒక గంట ఫీజు ఇచ్చి చూపించడం దండగ కాదు.

రిలీవింగ్ లెటర్, అనుభవ ధ్రువపత్రం, చివరి మూడు నెలల పే స్లిప్పులు, ఫారం 16 (జీతంలో పన్ను కోసినట్లు ఇచ్చే ధ్రువపత్రం), ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ లెక్క, ఇవన్నీ సొంత మెయిల్‌కు తెప్పించుకోవాలి. ఆఫీసు మెయిల్, ఆఫీసు ల్యాప్‌టాప్ ఏ నిమిషంలోనైనా ఆగిపోతాయి. పీఎఫ్ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుని గుర్తింపు సంఖ్య) ఖాతాకు, షేర్లు ఉండే డీమ్యాట్ ఖాతాకు ఆఫీసు మెయిలో, కంపెనీ ఇచ్చిన ఫోన్ నంబరో అనుసంధానమై ఉంటే వెంటనే మార్చాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, ఉద్యోగం పోయినా, రాజీనామా చేసినా, రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఆలస్యమైతే గొడవ పడకుండా ఆ నియమాన్ని ప్రస్తావిస్తూ మెయిల్ రాయడం మంచిది, ఎందుకంటే తరువాత ఎక్కడికి వెళ్లాలన్నా ఆ మెయిలే ఆధారం అవుతుంది. ఒకే సంస్థలో ఐదేళ్లు నిండినవారికి గ్రాట్యుటీ వస్తుంది: ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున, నెలకు 26 రోజుల లెక్కన. ఆ డబ్బును పిల్లలు తరచు మరిచిపోతుంటారు.

పీఎఫ్ విషయంలో మాత్రం తొందరపడవద్దని గట్టిగా చెబుతాను. చేతిలో డబ్బు ఆడకపోతే అందరి కన్నూ ముందుగా దాని మీదే పడుతుంది. ఐదేళ్ల సర్వీసు నిండకముందే తీస్తే చాలా సందర్భాల్లో పన్ను పడుతుంది. పదేళ్ల సర్వీసు పూర్తయితే 58 ఏళ్లకు పింఛను హక్కు వస్తుంది, అంతకుముందే పింఛను భాగాన్ని కూడా తీసుకుంటే ఆ ఏళ్లన్నీ లెక్కలోంచి పోతాయి. డబ్బు తీసుకునే నిబంధనలను మారుస్తూ 2025 అక్టోబరులో పీఎఫ్‌ను నడిపే ఈపీఎఫ్ఓ సంస్థ ట్రస్టీల బోర్డు నిర్ణయాలు తీసుకుంది కాబట్టి, మిత్రులు చెప్పే పాత లెక్కలు నమ్మకుండా ఆ సంస్థ పోర్టల్‌లో చూసుకోవాలి.

ఇక బీమా, అంటే నేను దెబ్బతిన్న చోటు. కంపెనీ గ్రూపు పాలసీ సాధారణంగా చివరి పనిదినంతోనే ముగుస్తుంది. దాంతో ఉద్యోగి, భార్య, పిల్లలే కాకుండా, ఆ పాలసీలో చేర్చిన తల్లిదండ్రులు కూడా బయటపడతారు. మా బ్యాంకు రిటైరయినవారికి ఉన్న గ్రూపు పాలసీ ప్రీమియం ఏటేటా పెరిగిపోతోందని, నేను రెండేళ్ల కిందటే దాన్ని మానేసి అబ్బాయి కార్డును నమ్ముకున్నాను. నా బుద్ధికి అప్పట్లో అది పొదుపుగా తోచింది. మీరు అలా చేసి ఉంటే, అబ్బాయి ఉద్యోగం పోయిందని తెలిసిన రోజే, గ్రూపు పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే అవకాశాన్ని గురించి రాతపూర్వకంగా అడిగించండి. అలా మారితే గ్రూపు పాలసీలో గడిచిన కాలం వెయిటింగ్ పీరియడ్ (పాత జబ్బులకు బీమా వర్తించడానికి ఆగవలసిన కాలం) లెక్కలో కలిసే వీలుంటుంది. కొత్తగా తీసుకుంటే ముందునుంచి ఉన్న షుగరు, బీపీ వంటి వాటికి మూడేళ్ల దాకా ఆగవలసి రావచ్చు. 70 ఏళ్లు నిండినవారు ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం పొందే కార్డు 2024 అక్టోబరు చివరి నుంచి ఇస్తున్నారు; మీ వయసు అంత ఉంటే అది వెంటనే తీసుకోవాలి. కొడుకు దగ్గర డబ్బు లేని సమయంలో మన ఆసుపత్రి ఖర్చు వాడి మీద పడకుండా చూసుకోవడం కూడా వాడికి చేసే సాయమే.

డబ్బు గురించి తెల్లకాగితం మీద

డబ్బు మాటను వారం పది రోజులు ఆగి మొదలుపెట్టాలి. ఆలస్యం చేయకూడదు, మొదటి రోజే ఎత్తనూ కూడదు. మేము ఒక ఆదివారం మధ్యాహ్నం మాట్లాడుకున్నాం. ఒక తెల్లకాగితం మీద ఎడమవైపు చేతిలో ఉన్నది, కుడివైపు నెలనెలా కట్టి తీరవలసినది రాయమన్నాను. ఇంటి లోను ఈఎంఐ, అపార్టుమెంటు మెయింటెనెన్సు, పాప బడి ఫీజు, కారు లోను, టర్ము పాలసీ. అన్నిటికన్నా అడుగున, చిన్న అక్షరాలతో, "అమ్మానాన్నకు 15,000" అని రాశాడు. ఆ వరుస నేనే కొట్టేశాను. నాకు పింఛను వస్తుంది. ఆ పదిహేను వేలతో మేము చేస్తున్నదల్లా రికరింగ్ డిపాజిట్ కట్టడమే, అదీ మళ్లీ వాడి కూతురి పేరు మీదే.

పిల్లల డబ్బు మీద నిజంగానే ఆధారపడిన తల్లిదండ్రులు కూడా ఉంటారు, వారికి ఇది ఇంత తేలిక కాదు. అప్పుడు కూడా ఎంత తగ్గినా నడుస్తుందో తామే ముందుగా ఒక అంకె చెప్పాలి. "ఈ నెల పంపలేనమ్మా" అని వాడి నోటితో అనిపించుకోకూడదు.

ఎడమవైపు మొత్తాన్ని కుడివైపు మొత్తంతో భాగిస్తే ఎన్ని నెలలు నెట్టుకురాగలరో తెలుస్తుంది. ఆ అంకె కనబడగానే సగం భయం తగ్గుతుంది, ఎందుకంటే ఊహలో అది ఎప్పుడూ ఉన్నదానికన్నా చిన్నదిగానే ఉంటుంది. మా వాడి లెక్కలో ఏడు నెలలు వచ్చింది. వాడు మూడనుకుంటున్నాడు.

ఈఎంఐ గురించి నా వృత్తిలో చూసినది చెబుతాను. వాయిదా తప్పిన 90 రోజులకు ఆ ఖాతా నిరర్థక ఆస్తి జాబితాలోకి వెళుతుంది, ఆ తరువాత శాఖా మేనేజరు చేతిలో చేయగలిగింది బాగా తగ్గిపోతుంది. మొదటి వాయిదా తప్పక ముందే, ఉద్యోగం పోయిన ఉత్తరం పట్టుకుని శాఖకు వెళ్లిన ఖాతాదారుతో మాట్లాడే తీరు వేరు, మూడు నెలలు ఫోన్ ఎత్తని ఖాతాదారుతో మాట్లాడే తీరు వేరు. లోను కాలవ్యవధి పెంచి నెల వాయిదా తగ్గించమని అడగవచ్చు. ఒప్పుకుంటారని హామీ లేదు, కాని అడగవలసిన సమయం మాత్రం అదే. క్రెడిట్ కార్డు బాకీని కనీస మొత్తం కట్టుకుంటూ లాగడం అన్నిటికన్నా ప్రమాదం. వడ్డీ నెలకు మూడు శాతం, ఆపైన కూడా ఉంటుంది. దానికి బదులు ఇంట్లో ఉన్న బంగారం బ్యాంకులో పెట్టి తీర్చడం ఎంతో నయం. ఫోన్‌లో నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి పోవద్దని ఒక్కసారి, స్పష్టంగా చెప్పండి.

మనం ఎంత ఇవ్వాలి అన్నది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. నా అభిప్రాయం ఏమిటంటే, తల్లిదండ్రులు తమ మిగిలిన జీవితానికి, వైద్యానికి పెట్టుకున్న డబ్బును ముట్టుకోకుండా ఎంత ఇవ్వగలరో ముందే అనుకుని, అంతవరకే మాట ఇవ్వాలి. ఇచ్చేది అప్పా, ఇచ్చేయడమా అన్నది ఇచ్చే రోజే తేల్చాలి. తేల్చకపోతే ఇచ్చినవారు అప్పనుకుంటారు, పుచ్చుకున్నవారు ఆశీర్వాదమనుకుంటారు, నాలుగేళ్ల తరువాత సంక్రాంతికి అందరూ కలిసినప్పుడు అది బయటపడుతుంది. ఇంకో బిడ్డ ఉంటే ఆ బిడ్డకూ తెలియాలి. మేము మూడు నెలల ఈఎంఐ మా వైపు నుంచి కట్టాం, ఆ మాట మా అమ్మాయికి అదే రోజు చెప్పాం. పొలం అమ్మడం, ఉన్న ఇల్లు తాకట్టు పెట్టడం మాత్రం మొదటి ఆరు నెలల్లో తలపెట్టవద్దు. అవసరంలో ఉన్నవాడి పొలానికి ఊళ్లో ఎవరూ సరైన ధర పలకరు.

బంధువులు, పెళ్లి సంబంధాలు

ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నిర్ణయించే హక్కు ఉద్యోగం పోయినవారిదే. వాడిని అడగకుండా మీ తమ్ముడికి చెబితే, సాయంత్రానికి అది కుటుంబ వాట్సాప్ గ్రూపులో "ధైర్యంగా ఉండు బాబూ" అనే సందేశాల వరదగా తిరిగి వస్తుంది. అందరూ కలిసి ఒకే వాక్యం అనుకోండి. మేము అనుకున్నది ఇది: "ఆ కంపెనీ ప్రాజెక్టు అయిపోయిందండీ, వేరేవి చూస్తున్నాడు." అందులో అబద్ధం లేదు, ఆపైన ప్రశ్నకు చోటూ లేదు. ఎవరైనా పొడిగిస్తే కాఫీ కలపడానికి లేవవచ్చు.

పెళ్లి కుదిరి ఉన్నా, మాటల్లో ఉన్నా మాత్రం దాచకూడదు. అవతలివారికి తరువాత మరెవరి ద్వారానో తెలిస్తే పోయేది నమ్మకం, అది మళ్లీ ఏ ప్యాకేజీతోనూ రాదు. పెద్దవారు వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పాలి, ముహూర్తం వెనక్కి జరపడానికి మేము సిద్ధమేనని కూడా మనమే అనాలి.

ఉద్యోగం పోయింది అమ్మాయికైతే ఇంట్లోవారు అనే మాట ఇంకోలా ఉంటుంది. "పోతేపోయిందిలే, పిల్లలు చిన్నవాళ్లు, కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండు" అంటాం, అది ఓదార్పు అనే అనుకుంటాం. వినే ఆమెకు అది తన పన్నెండేళ్ల పనిని ఎవరూ పనిగా లెక్కపెట్టలేదన్న తీర్పులా వినిపిస్తుంది. రెండు మూడు నెలలు దాటితే ఇంటిపని మొత్తం ఆమె మీదికి చేరుతుంది, ఇంటర్వ్యూకు చదువుకునే సమయం పోతుంది, విరామం పొడుగవుతుంది. కూతురి విషయంలో తల్లిదండ్రులు చేయగల గొప్ప సాయం, ఒకరు వెళ్లి రోజుకు నాలుగు గంటలు పిల్లలను చూసుకోవడం. వియ్యంకుల ముందు కూడా, ఆమె మళ్లీ ఉద్యోగంలో చేరుతుందనే మాటగా మాట్లాడాలి, చేరాలా వద్దా అన్న చర్చగా కాదు.

ఇంట్లో ఉన్నన్నాళ్లు

అద్దె మిగులుతుందనో, మనసు బాగుండదనో కొందరు పిల్లలు కొన్నాళ్లు ఇంటికి వస్తారు. వస్తానంటే గది సిద్ధం చేయండి. రానంటే రమ్మని ఒత్తిడి చేయవద్దు, ఇంటర్వ్యూల కోసం హైదరాబాదులో ఉండటమే వారికి అవసరం కావచ్చు.

ఇంటికి వచ్చిన మనిషి ఖాళీగా ఉన్నట్లు కనబడతాడు. గ్యాసు బండ తీసుకురావడం, కరెంటు ఆఫీసులో మీటరు ఫిర్యాదు, పిన్నిని గుంటూరు తీసుకెళ్లి స్కానింగు చేయించడం, అన్నీ వాడి మీదికి పోతాయి. రెండు వారాలకు వాడి రోజంతా మన పనులతో నిండిపోతుంది. ఉద్యోగం వెతకడం కూడా రోజుకు ఐదారు గంటల పని. ఎప్పుడో కలిసి పనిచేసిన పాతవారికి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి రెఫరల్ అడగాలి, రెజ్యూమే ఉద్యోగ ప్రకటనకు తగినట్లు ప్రతిసారీ మార్చాలి, మరిచిపోయిన పాఠాలు మళ్లీ చదవాలి. ఒక్క కంపెనీలోనే నాలుగైదు రౌండ్లు జరుగుతాయి, చివరి రౌండు దాకా వెళ్లాక ఏ జవాబూ రాకపోవడం మామూలు. ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా వాడి గది తలుపు ఎవరూ తట్టకూడదని మేము నియమం పెట్టుకున్నాం. వీడియో ఇంటర్వ్యూ ఉన్న రోజు మా ఆవిడ కుక్కరు తొమ్మిదికే దించేసేది, నేను టీవీ తీగ పీకేసేవాణ్ణి. కరెంటు పోతే నెట్ ఆగకుండా రౌటరుకు చిన్న యూపీఎస్ కొన్నాం. ఆ రోజుల్లో మేము పెట్టిన ఖర్చులన్నిటిలోనూ ఎక్కువ ఉపయోగపడింది అదే.

"ఏమైనా వచ్చిందా?" అనే ప్రశ్నను వారానికి ఒక్కసారికి కుదించండి. రోజూ అడిగితే రోజూ "లేదు" అని చెప్పించినట్లవుతుంది. మేము ఆదివారం టిఫిను తరువాత మాత్రమే ఆ మాట ఎత్తేవాళ్లం, వాడు చెప్పినంతే వినేవాళ్లం. వాడికి తెలిసిన రంగం గురించి మన సలహాలకు విలువ తక్కువ. కోర్సు నేర్చుకోవాలా, అమీర్‌పేటలో చేరాలా, ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ వీడియో పాఠాలు ఉచితంగా ఇంట్లోనే చూడాలా, పాత జీతం కన్నా తక్కువకు ఒప్పుకోవాలా అన్నవి వాడి నిర్ణయాలు. అడిగితేనే మాట్లాడాలి. ముప్పై ఐదేళ్ల వయసులో గ్రూప్స్‌కు కోచింగు తీసుకోమని చెప్పే మేనమామ ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. ఆయనను మర్యాదగా ఆపడం తండ్రి బాధ్యత.

ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగేవారి విషయంలో మాత్రం పెద్దవారు గట్టిగా మాట్లాడాలి. బ్యాక్‌డోర్ (దొడ్డిదారి) ఉద్యోగమని, కన్సల్టెన్సీ డిపాజిట్ అని, ల్యాప్‌టాప్‌కు ముందస్తు సొమ్మని లక్షలు అడుగుతారు. నిజమైన కంపెనీ ఏదీ ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు తీసుకోదు. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి తీసుకెళ్లి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన ముఠాల బారిన మన విశాఖ, తెలంగాణ యువకులు పడిన సంగతి 2024లో పోలీసులే బయటపెట్టారు. విదేశీ ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు. డబ్బు పోయాక అయితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయాలి.

అమెరికాలో ఉన్నవారికి

హెచ్-1బీ (అమెరికా ఉద్యోగ వీసా) మీద ఉన్న బిడ్డ ఉద్యోగం పోతే ఇక్కడ మనకు ఉన్న సమయం అక్కడ ఉండదు. ఉద్యోగం ముగిసిన నాటి నుంచి గరిష్ఠంగా 60 రోజులు, లేదా ఐ-94 (ఆ దేశంలో ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకన్నా ముందే ముగిస్తే ఆ తేదీ దాకా మాత్రమే ఆ హోదాలో ఉండవచ్చు. ఆ లోపల కొత్త యజమాని పిటిషన్ వేయాలి, లేదా భార్యకో భర్తకో హెచ్-1బీ ఉంటే వారి మీద ఆధారపడినవారికిచ్చే హెచ్-4కు, కాకపోతే విజిటర్ హోదాకు మార్చమని దరఖాస్తు చేసుకోవాలి, లేదా బయలుదేరాలి. కాబట్టి మొదటి ఫోన్‌లో అడగవలసింది "లాయర్‌తో మాట్లాడావా" అని. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం పొంది 180 రోజులు దాటితే, పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా గ్రీన్‌కార్డు వరుసలో తేదీ నిలుస్తుంది. చాలా కుటుంబాలకు ఇది ముఖ్యమైన ఊరట.

"ఇంటికి వచ్చేయ్, మళ్లీ తరువాత వెళ్దువుగాని" అనడం ఇప్పుడు మునుపటంత తేలిక కాదు. దేశం బయట ఉన్నవారికి వేసే కొత్త హెచ్-1బీ పిటిషన్లపై 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. "ఎట్టి పరిస్థితుల్లోనూ రాకు, పరువు పోతుంది" అనడం అంతకన్నా తప్పు. "మీరిద్దరూ ఏది అనుకున్నా సరే, ఇక్కడ గది ఉంది" అన్న ఒక్క మాట చెప్పి ఊరుకోవాలి. అక్కడి రాత్రి పదకొండుకు వరుసగా ఫోన్లు చేయవద్దు. అమ్మానాన్న పురుడుకో, మనవళ్ల కోసమో అక్కడే విజిటర్ వీసా మీద ఉంటే, తిరుగు ప్రయాణం ముందుకు జరుపుకోవాలా అని తామే అడగాలి. ఉంటే పిల్లలను చూసుకునే సాయం, లేకపోతే ఖర్చు తగ్గే సాయం, ఏది కావాలో వారే చెబుతారు.

గమనించవలసినవి

నెలలు గడిచేకొద్దీ మనిషి మారడం సహజమే. రాత్రంతా మెలకువగా ఉండి పగలు నిద్రపోవడం, స్నానం మానేయడం, మందు మొదలుపెట్టడం లేదా పెంచడం, ఫోన్లు ఎత్తకపోవడం, "నేను మీకు బరువయ్యాను" అనడం వరుసగా కనబడితే దాన్ని బద్ధకమని తిట్టకూడదు. "నీకు చచ్చిపోవాలని ఆలోచనలు వస్తున్నాయా" అని సూటిగా అడగవచ్చు. అడగడం వల్ల కొత్తగా ఆ ఆలోచన పుట్టదు, మాట్లాడటానికి దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే మానసిక వైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416 రోజంతా ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, తల్లిదండ్రులు తమ కోసం కూడా చేయవచ్చు. నేను ఒకసారి నా కోసమే చేశాను.

ఆఫర్ వచ్చిందని చెప్పిన రోజు కూడా కొంచెం ఓపిక పట్టాలి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ (పాత ఉద్యోగాల వివరాలు సరిచూడటం) పూర్తయి, జాయినింగ్ తేదీ గడిచాకే బంధువులకు చెప్పడం మంచిది, మధ్యలో వెనక్కి తీసుకున్న ఆఫర్లూ ఉన్నాయి. మా వాడికి ఎనిమిదో నెలలో, పాత జీతానికి కాస్త తక్కువకు ఉద్యోగం దొరికింది. చేరిన వారానికి కొత్త బీమా కార్డుల బొమ్మలు వాట్సాప్‌లో పంపాడు, మా ఇద్దరి పేర్లతో. కింద ఇలా రాశాడు: "నాన్నా, ఇవి ఈ ఉద్యోగం ఉన్నంత వరకే. మీరు తీసుకున్న పాలసీ మానకండి. ఈసారి ఏదైనా జరిగితే ఆ రోజే చెబుతాను."